కొలువు కోల్పోయిన అంబేడ్కర్

1917లో ఒక సాయంత్రం బరోడా నగరంలోని కామాఠీ బాగ్‌లో ఇరవై ఆరేళ్ల యువకుడొకడు బొంబాయి వెళ్లే రాత్రి రైలు కోసం సుమారు ఐదు గంటలు కూర్చున్నాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పొంది, లండన్‌లో అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం చదువుతూ మధ్యలో వెనక్కి వచ్చినవాడు. ఆ ఊళ్లో అతనికి సంస్థానపు ఉద్యోగం ఉంది, తలదాచుకోవడానికి గది లేదు. పదకొండు రోజులుగా పార్సీ పేరుతో ఒక పార్సీ సత్రంలో ఉన్నాడు. ఆ ఉదయమే కర్రలు పట్టుకున్న పది పన్నెండుమంది వచ్చి, సాయంత్రంలోగా గది ఖాళీ చేయాలని హెచ్చరించి వెళ్లారు. ప్రభుత్వ బంగళా ఏదైనా ఇప్పించమన్న విన్నపం ఫలించలేదు. ఊళ్లో ఉన్న ఇద్దరు మిత్రులు, ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవుడు, చెరొక సాకు చెప్పి తప్పుకున్నారు. రైలు వచ్చింది, అతను ఎక్కాడు. భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్ ఉద్యోగం అలా పోయింది.

రాజ్యాంగ నిర్మాత అంబేడ్కర్ మనకు తెలుసు. మహద్ చెరువు అంబేడ్కర్, పూనా ఒప్పందం అంబేడ్కర్, నాగపూర్ దీక్షాభూమి అంబేడ్కర్ తెలుసు. పని పోగొట్టుకుని బొంబాయి చాల్‌లో కుటుంబాన్ని పోషించడానికి దారులు వెతికిన నిరుద్యోగి అంబేడ్కర్‌ను మాత్రం జయంతి సభల్లో ఎవరూ తలచుకోరు. ఉపాధి గురించి, కార్మికుడికి రాజ్యం పడ్డ బాకీ గురించి ఆయన తర్వాత చేసిన ఆలోచనలకు వేరు అక్కడ ఉంది. అందుకే ఆ వైపు నుంచి ఆయన జీవితాన్ని ఒకసారి చూడవలసి ఉంది.

ఆయన 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టాడు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. మహార్ కులానికి ఊరి వెట్టి నుంచి తప్పించుకునే ద్వారం ఆ రోజుల్లో సైన్యమే. 1890ల ఆరంభంలో బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధజాతుల సిద్ధాంతం పేరు చెప్పి ఆ ద్వారం మూసింది. మహార్ల నియామకం నిలిచిపోయింది. ఒక్క ఉత్తర్వుతో కులానికి కులమే ఉపాధి కోల్పోవడమన్నది ఆ కుటుంబం ఇంట్లో కూర్చుని చూసిన సంగతి.

పదవీ విరమణ తర్వాత రామ్‌జీ సతారా ప్రాంతంలోని గోరెగావ్‌లో క్యాషియరుగా చేరాడు. కరవు బాధితులకు పని చూపడానికి బొంబాయి ప్రభుత్వం అక్కడ చెరువు తవ్విస్తోంది. నేటి భాషలో చెప్పాలంటే ఉపాధి పనుల కూలి లెక్కలు చూసే ఉద్యోగం. 1901లో తండ్రిని చూడడానికి పిల్లలు రైల్లో మసూర్ స్టేషన్‌దాకా వెళ్లారు. తండ్రికి రాసిన ఉత్తరం సమయానికి ఆయన చేతికి అందలేదు, ఎవరూ ఎదురురాలేదు. చక్కని బట్టలు వేసుకున్న పిల్లల్ని చూసి ముచ్చటపడిన స్టేషన్ మాస్టరు, వాళ్లు మహార్లని తెలియగానే వెనక్కి తగ్గాడు. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరకు రెట్టింపు బాడుగకు ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలనీ, తాను పక్కన నడిచి వస్తాననీ షరతు పెట్టి. చేతిలో డబ్బున్నా బాడుగబండి దొరకదని ఆ పిల్లవాడికి పదో ఏటే తెలిసింది. పట్టా ఉన్నా పని నిలవదని తెలియడానికి మరో పదహారేళ్లు పట్టింది.

ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బి.ఏ. పూర్తిచేసి 1913 జనవరిలో ఆయన బరోడా కొలువులో చేరాడు. కొద్ది రోజుల్లోనే తండ్రి జబ్బుపడ్డాడన్న కబురు వచ్చింది. ఫిబ్రవరి 2న రామ్‌జీ కన్నుమూశాడు. ఆ ఏడాదే బరోడా మహారాజు సయాజీరావ్ గాయక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో అంబేడ్కర్ న్యూయార్క్ వెళ్లాడు. షరతు ఒక్కటే, తిరిగి వచ్చాక పదేళ్లు సంస్థానంలో పనిచేయాలి. గడువు ముగిసి వేతనం ఆగిపోవడంతో లండన్ చదువు అర్ధాంతరంగా వదిలి 1917 ఆగస్టులో బొంబాయి చేరాడు. వేరే ఓడలో వేసిన ఆయన పుస్తకాలూ సామానూ యుద్ధకాలపు సముద్రంలో మునిగిపోయాయి. దానికి థామస్ కుక్ కంపెనీ నష్టపరిహారంగా 600 రూపాయలు చెల్లించింది. అందులోంచి ఇంటి ఖర్చుకు కొంత ఇచ్చి, మిగిలినదానితో బరోడా బండి ఎక్కాడు. మునిగిన సామానుకు బీమా ఉంది. తర్వాత కొన్ని వారాలకు మునిగిన ఉద్యోగానికి లేదు.

బరోడా కార్యాలయంలో బంట్రోతులు ఫైళ్లను చేతికివ్వకుండా దూరం నుంచి బల్లమీదికి విసిరేవారు. ఆయన నడిచే దారిలో తివాచీలు చుట్టేసేవారు. తాగడానికి కార్యాలయంలో నీళ్లు దొరికేవి కావు. అయినా ఉద్యోగంలోంచి ఆయనను ఎవరూ తీసేయలేదన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. తొలగింపు ఉత్తర్వు లేదు, సంజాయిషీ నోటీసు లేదు. కాగితం మీద చూస్తే ఆయన తనంతట తానే వెళ్లిపోయినట్టు. పైగా ఒప్పందం మీరింది ఆయనే అయినట్టు, చదువుకు ఇచ్చిన సొమ్ము తిరిగి చెల్లించమని సంస్థానపు అధికారులు తర్వాతి సంవత్సరాల్లో ఒత్తిడి తెచ్చారు. నిలువనీడ ఇవ్వని ఊరిది తప్పు కాలేదు, నిలవలేనివాడు బాకీదారుడయ్యాడు.

తర్వాతి సంవత్సరం ఎలా గడిచిందో చూడండి. ఇద్దరు విద్యార్థులకు ట్యూషన్లు చెప్పాడు. వాటాల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ తెరిచాడు. మొదట్లో బాగానే నడిచింది, సలహాదారు అస్పృశ్యుడని తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారు. కొలంబియాలో సెలిగ్‌మన్ శిష్యుడైన అర్థశాస్త్రవేత్త సలహా, కులం తెలిసే వరకే పనికివచ్చింది. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కళాశాలలో నెలకు 450 రూపాయల జీతానికి తాత్కాలిక ఆచార్య పదవి దొరికింది. అక్కడా ఆచార్యుల గదిలోని కుండలో ఆయన నీళ్లు ముంచుకోవడానికి సహోద్యోగులు కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ జీతంలో కూడబెట్టినది, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, పార్సీ మిత్రుడు నవల్ భథేనా ఇచ్చిన అప్పు కలుపుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లాడు. 1923లో బారిస్టరు పట్టాతో తిరిగి వచ్చాడు, అదే ఏడాది డి.ఎస్సీ. పట్టా కూడా పొందాడు. ఇక ఎవరి కింద కొలువూ వద్దనుకుని న్యాయవాద వృత్తి ఎంచుకున్నాడు. ఆ నిర్ణయంలో బరోడా పాత్ర ఎంతో చెప్పనక్కరలేదు.

ఆ తర్వాతి పదేళ్ల చరిత్రను విద్యార్థులు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. ఒక్క ఘట్టం మాత్రం అంతగా ప్రచారంలో లేదు. 1928లో బొంబాయి బట్టల మిల్లుల్లో మహా సమ్మె జరిగింది. మిల్లుల్లో మంచి కూలి వచ్చేది నేత విభాగంలో. అస్పృశ్యులకు అక్కడ ప్రవేశం లేదు, స్పిన్నింగులో తక్కువ కూలికే ఉండాలి. కారణం యజమాని పెట్టిన నిబంధన కాదు. నేతలో దారం తెగితే నోటితో తడిపి అతకాలి, ఆ దారాన్ని మహార్ కార్మికుడు నోట పెడితే మిగిలినవాళ్లు ముట్టుకోరు. ఆ నిషేధాన్ని ఎత్తివేయించే డిమాండు కూడా చేర్చితేనే తనవాళ్లు సమ్మెలో నిలుస్తారని అంబేడ్కర్ యూనియన్ నాయకులకు స్పష్టం చేశాడు. వాళ్లు అయిష్టంగానే చేర్చారు. వర్గ ఐక్యతను చీల్చాడన్న నింద ఆయనపై అప్పటినుంచీ ఉంది. తోటి కార్మికుడి ఎంగిలికి భయపడిన ఐక్యతను చీల్చింది ఎవరన్న ప్రశ్న మాత్రం నింద వేసినవాళ్లు వేసుకోలేదు.

లాహోర్ సభ రద్దయ్యాక 1936లో ఆయన తానే అచ్చువేయించిన కులనిర్మూలన ప్రసంగంలో ఒక వాదన ఉంది. కులం శ్రమను కాక శ్రామికులను విభజిస్తుందన్న భాగాన్ని అందరూ తలుస్తారు. దాని పక్కనే మరొకటి ఉంది. ఒక వృత్తి కుదేలైనప్పుడు మనిషి మరో వృత్తికి మారగలగాలి. కులం ఆ మార్పును అడ్డుకుంటుంది, తనది కాని పని చేయడం కన్నా పస్తులుండడమే మేలనిపిస్తుంది, కాబట్టి దేశంలోని నిరుద్యోగంలో అధికభాగానికి కులమే నేరుగా కారణం. నిరుద్యోగాన్ని పెట్టుబడి, జనాభా, చదువుల లెక్కల్లోనే చూసే మన అర్థశాస్త్ర పాఠాల్లో ఈ వాదనకు ఇప్పటికీ చోటు లేదు.

అదే సంవత్సరం స్వతంత్ర కార్మిక పక్షం స్థాపించాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన అస్పృశ్య రైల్వే కార్మికుల సభలో, కార్మికులకు శత్రువులు ఇద్దరనీ, బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం అనీ తేల్చాడు. ఆ మాట అందరూ ఉటంకిస్తారు. రైల్వేలో అస్పృశ్యుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ఎందుకు ముగుస్తాడో ఆయన అక్కడే విప్పి చెప్పిన తీరు నాకు అంతకంటే విలువైనదిగా తోస్తుంది. స్టేషన్‌లో పోర్టరు అంటే స్టేషన్ మాస్టరు ఇంట్లో పనిమనిషి కూడా, అస్పృశ్యుణ్ణి ఇంట్లోకి రానివ్వలేరు కాబట్టి పోర్టరు ఉద్యోగమే ఇవ్వరు. అదే ఏడాది నవంబరు 7న, సమ్మె హక్కుకు సంకెళ్లు వేసే పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి బొంబాయిలో ఒకరోజు సమ్మె నడిపాడు.

1942 జులైలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఆయన కార్మిక సభ్యుడయ్యాడు. బరోడాలో ఇల్లు దొరకని మనిషి చేతికి పాతికేళ్లకు దేశపు కార్మిక శాఖ వచ్చింది. నాలుగేళ్లలో జరిగినవాటికి అతిశయోక్తులు జోడించనక్కరలేదు. పద్నాలుగు గంటల పనిదినాన్ని ఆయన ఒక్క సభలో ఎనిమిదికి తగ్గించాడన్న ప్రచారం మన సభల్లో వినిపిస్తుంది. 1934 చట్టం ప్రకారమే వారానికి 54 గంటల పరిమితి ఉంది. దాన్ని 48కి తగ్గించింది 1946 ఫ్యాక్టరీల సవరణ చట్టం. అసలు పని గొప్పది, దానికి కట్టుకథ తోడెందుకు? మరో వైపు కూడా చెప్పుకోవాలి. బొగ్గు కొరత పేరుతో 1943లో గనుల భూగర్భంలో స్త్రీల పనిపై నిషేధాన్ని ఎత్తివేసిన ప్రభుత్వంలో కార్మిక సభ్యుడు ఆయనే, దాన్ని సభలో సమర్థించుకోవలసి వచ్చిందీ ఆయనే. నిషేధం 1946లో తిరిగి అమల్లోకి వచ్చింది.

1943 ఆగస్టులో కేంద్ర కొలువుల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం వాటా ఏర్పడింది. ఆరోగ్య బీమాపై బి.పి. అదార్కర్ నివేదిక 1944లో ఆయన శాఖకే అందింది. 1948 ఇ.ఎస్.ఐ. చట్టానికి అదే పునాది. అభ్రకం గనుల కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1946లో వచ్చింది. దాని పరిధిలోకి మన నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు గనులూ వచ్చాయి. యుద్ధం ముగిసి లక్షలమంది సైనికులూ ఫ్యాక్టరీ కార్మికులూ రోడ్డున పడే సమయానికి, 1945 జులైలో, పునరావాస ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. మనం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ అని పిలుచుకునే కార్యాలయాల వ్యవస్థ దాని కిందే పెరిగింది.

వీటన్నిటిలో ఉద్యోగం పోయినవాడికి అత్యంత అవసరమైనది 1946 ఏప్రిల్ నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం. వందమందికి పైగా పనిచేసే చోట ఉద్యోగ నిబంధనలు యజమాని నోట కాక కాగితం మీద ఉండాలన్నది దాని సారం. ఎవరు పర్మినెంటు, ఎవరు తాత్కాలికం, ఎన్ని రోజుల నోటీసుతో తీసేయవచ్చు, ఏది దుష్ప్రవర్తన అవుతుంది, విచారణ ఎలా జరగాలి, అన్నీ ముందే రాసి ధ్రువీకరణ పొందాలి. పని ఎలా పోయిందో రాతలో లేనివాడు ఏ కార్యాలయం ముందు నిలబడి ఏమి అడగగలడు? 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతి ఆ వంద సంఖ్యను మూడువందలు చేసింది.

1947 మార్చిలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభకు ఇచ్చిన స్టేట్స్ అండ్ మైనారిటీస్ పత్రంలో ఆయన మరింత ముందుకు వెళ్లాడు. కీలక పరిశ్రమలు రాజ్యానివి కావాలి, వ్యవసాయం రాజ్య పరిశ్రమ కావాలి, బీమా రాజ్యం చేతిలో ఉండి ప్రతి వయోజనుడికీ తప్పనిసరి కావాలి అన్నాడు. ఆకలి అంచున ఉన్న నిరుద్యోగికి, యూనియన్‌లో చేరకూడదు, నోరెత్తకూడదు అన్న షరతులతో పని చూపితే అతను ఏది ఎంచుకుంటాడన్న ప్రశ్న ఆ పత్రంలో ఉంది. పని పోతుందన్న భయం ఉన్నంతకాలం ప్రాథమిక హక్కులు చేతిలోంచి జారిపోతూనే ఉంటాయన్నది ఆయన తర్కం. ఆ ప్రణాళిక రాజ్యాంగంలోకి రాలేదు. వచ్చింది 41వ అధికరణం. పని హక్కు, నిరుద్యోగంలో, వార్ధక్యంలో, రోగంలో ప్రభుత్వ సహాయం, అదీ రాజ్యపు ఆర్థిక స్తోమతకు లోబడి. న్యాయస్థానంలో అడిగి సాధించుకోలేని ఆదేశిక సూత్రాల్లో దాన్ని ఉంచారు.

ఆ అధికరణం కింద నేటి కార్మికుడికి దక్కుతున్నదేమిటి? ఇ.ఎస్.ఐ. చందాదారులకు 2005 నుంచి రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. అది ఫ్యాక్టరీ మూతపడినవారికి, చట్టప్రకారం రిట్రెంచ్ అయినవారికి. 2018 జులైలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. మొదట సగటు దినసరి వేతనంలో 25 శాతం, కరోనా కాలం నుంచి 50 శాతం, గరిష్ఠంగా 90 రోజులు. అదీ జీవితకాలానికి మొత్తం 90 రోజులే. రెండేళ్ల బీమా ఉద్యోగం ఉండాలి. పని పోవడానికి ముందు చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలి, అంతకుముందు మూడు చందా కాలాల్లో కనీసం ఒకదానిలో మరో 78 రోజులు ఉండాలి. ఆధార్, బ్యాంకు ఖాతా బీమా సంఖ్యతో జతపడి ఉండాలి. మొదట్లో దరఖాస్తు చివరి యజమాని ద్వారానే రావాలనేవారు. పని తీసేసినవాడి సంతకం కోసం మళ్లీ అతని గుమ్మం ఎక్కాలన్నమాట. 2020లో ఆ నియమం తీసేసి, నేరుగా శాఖా కార్యాలయానికి ఇచ్చుకోనిచ్చారు. పని పోయిన 90 రోజులకు కాక 30 రోజులకే అర్హత కల్పించారు. మంచి మార్పులే.

మునిసిపాలిటీ చెత్తబండి మీదా, ఆసుపత్రి వార్డులోనూ, విశ్వవిద్యాలయ హాస్టల్లోనూ ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలిని ఈ నియమాల ముందు నిలబెట్టి చూడండి. అలాంటి పనుల్లో ఎక్కువమంది ఏ కులాలవారో ఈ పేజీ చదివేవారికి చెప్పనక్కరలేదు. టెండరు మారినప్పుడల్లా కాంట్రాక్టరు మారతాడు. పాతవాడు చందా కోసుకున్నాడా, కట్టాడా అన్నది ఆమెకు తెలియదు. తనకు బీమా సంఖ్య ఉందన్న సంగతే కొన్నిసార్లు తెలియదు. కాంట్రాక్టరు రికార్డులో ఆమె పని మానేసిందని ఒక్క మాట రాస్తే చాలు, స్వచ్ఛందంగా వెళ్లిపోయినవారికి భృతి లేదు. దుష్ప్రవర్తన అని రాసినా లేదు. మేస్త్రీ కులం పేరుతో తిట్టాడనో, బావి దగ్గరికి రానివ్వలేదనో, అద్దె ఇల్లు ఖాళీ చేయించారనో ఊరు విడిచిన మనిషికి ఆ దరఖాస్తులో గడి లేదు. 1917లో బరోడా నుంచి తిరిగివచ్చిన యువకుడు ఈనాటి శాఖా కార్యాలయానికి వెళ్లినా, తనంతట తానే ఉద్యోగం వదిలినట్టు లెక్కించి అతని దరఖాస్తును తిప్పి పంపుతారు.

కాబట్టి పని పోయినరోజే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. తొలగింపు నోటిమాటగా జరిగితే అదే రోజు యజమానికి రాతపూర్వకంగా అడగాలి, నకలు దాచుకోవాలి. వేతన చీటీలు, హాజరు ఫొటోలు, బ్యాంకు పాసుపుస్తకం చేతిలో ఉండాలి. బీమా సంఖ్య కింద చందా ఎన్ని రోజులకు జమైందో ముందే చూసుకోవాలి. రికార్డులో కారణం తప్పుగా రాస్తే శాఖా కార్యాలయంలోనూ, కార్మిక శాఖ అధికారి దగ్గరా లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. విద్యార్థి సంఘాలూ దళిత సంఘాలూ జయంతి ఊరేగింపుకు వెచ్చించే శక్తిలో కొంత ఈ కాగితాలు నింపిపెట్టడానికి వెచ్చిస్తే బాగుంటుంది.

గ్రామీణ కూలీలకు 2005 ఉపాధి హామీ చట్టం ఇంకో దారి చూపింది. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే నిరుద్యోగ భృతి, మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతుకు తగ్గకుండా, ఆ తర్వాత సగానికి తగ్గకుండా. పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు లేకపోతే ఆ 15 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో నిరూపించే దారి కూలీకి ఉండదు. ఇక మన ఎన్నికల ప్రణాళికల్లో వచ్చిపోయే నిరుద్యోగ భృతి సంగతి వేరు. 2018 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన యువనేస్తం అయినా, అదే ఏడాది తెలంగాణ ఎన్నికల్లో వినిపించిన 3016 రూపాయల వాగ్దానం అయినా, ఉద్యోగం ఇంకా రాని యువతను ఉద్దేశించినవే. వచ్చిన పని పోయిన మనిషి వాటి లెక్కలో లేదు.

అంబేడ్కర్ చివరి కొలువు కేంద్ర న్యాయమంత్రి పదవి. హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టడం ప్రధాన కారణంగా 1951 సెప్టెంబరులో దాన్ని ఆయనే వదిలాడు. 1952లో ఉత్తర బొంబాయి నుంచి, 1954లో భండారా నుంచి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయాడు. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించాడు. పద్దెనిమిది రోజుల తర్వాత, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అదే రోజు, ఆయన శాఖ హయాంలో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌ల రోజువారీ నిర్వహణ కేంద్రం నుంచి రాష్ట్రాల చేతికి వచ్చింది. డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన నిద్రలోనే కన్నుమూశాడు.